మా ఇంటి తూటాల గది

మా ఇంటి ఈశాన్యపు గది ఎనిమిది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఇవి నేను చెబుతున్న కొలతలు కావు. మూడు శాఖల వారు మూడుసార్లు కొలిచి, మూడు రకాలుగా రాసుకుని, ఆ మూడింటికీ సగటు తీసి ఖాయం చేసినవి. అంతకుముందు దాన్ని మేము కుట్టు గది అనేవాళ్ళం. ఇప్పుడు దాని పేరు ‘గృహ తూటా పునర్నింపు పనిగది, ప్రథమ శ్రేణి, ఆదర్శం’. తలుపు మీద ఇత్తడి ఫలకం ఉంది.

అది ఆదర్శం ఎలా అయిందని చాలామంది అడుగుతున్నారు. పక్క జిల్లాల నుంచి జీపులు వేసుకుని వచ్చి మరీ అడుగుతున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. నా భార్య నూకరత్నం నిరుడు ఆషాఢంలో చనిపోయింది. పెద్దకర్మకు వచ్చిన ఆమె తండ్రి గొర్లె పోలినాయుడు గారు తిరిగి వెళ్ళలేదు. నేనూ వెళ్ళమనలేదు. మాకు పిల్లలు లేరు. ఆయనకు ఆమె ఒక్కతే. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకరినొకరు ఏమీ అడక్కుండా నాలుగు నెలలు ఉన్నాం. ఆయన పొద్దున్నే వరండాలో కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకునేవారు. సాయంత్రానికి కూడా ఆ చేతులు అక్కడే ఉండేవి. నేను పెట్టిన అన్నంలో సగం తినేవారు. కార్తీకం వచ్చేసరికి ఆ సగంలో సగం.

డాక్టరు గారు ఆయన్ని పరీక్షించి, నన్ను బయటికి పిలిచారు.

“ఒంట్లో జబ్బేమీ లేదు మాస్టారూ. ఆ చేతులు చూశారా? ఊరికే ఉండడం ఎరగని చేతులవి. వాటికి ఏదో ఒక పని పెట్టండి. లేకపోతే వేసవి గట్టెక్కడం కష్టం.”

ఆ చేతులు ముప్పై ఒక్క ఏళ్ళు పోలీసు బెటాలియన్‌లో ఆర్మరర్ పని చేశాయి. తుపాకులు విప్పడం, బిగించడం, తూటాలు సరిచూడడం. అటువంటి పని ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? కందిపప్పులో రాళ్ళు ఏరమని చాట ఇచ్చాను. ఆయన చాట వైపు, తరవాత నా వైపు చూశారు. నేనే ఏరుకున్నాను.

ఆ వారంలోనే మా ఊరి షూటింగ్ క్లబ్బు కార్యదర్శి జోగారావు గారు పలకరించడానికి వచ్చారు. మాటల్లో తన బాధ చెప్పుకున్నారు. మట్టి పళ్ళేలు గాల్లోకి ఎగరేసి కొట్టే పోటీలకు క్లబ్బు పిల్లలు తయారవుతున్నారట. తూటాలు దొరకడం లేదు. కాల్చేసిన ఖాళీ గొట్టాలు మాత్రం బస్తాలకొద్దీ ఉన్నాయి. వాటిని మళ్ళీ నింపే మనిషి లేడు.

కుర్చీలోంచి మాట వినిపించింది.

“సిన్న గది ఉంటే నాను నింపుతాను.”

మూడు వారాలలో ఆయన మాట్లాడిన మొదటి వాక్యం అది. నేను జోగారావు గారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు.

“గది ఉంది మామయ్యా,” అన్నాను.

కుట్టుమిషను హాల్లోకి మార్చాను. మామయ్య నాలుగు రోజుల్లో గది సిద్ధం చేశారు. టేకు బల్లను గోడకు బిగించారు. దాని మీద తూటా నొక్కే చేతిమర. తుపాకిమందుకి ఒక చెక్కపెట్టె, ఎదుటి గోడ దగ్గర ఆ మందుని అంటించే క్యాప్‌లకి మరో పెట్టె. గదిలోకి కరెంటు రానివ్వలేదు, పగటి వెలుతురు చాలన్నారు. రాపిడికి నిప్పురవ్వ పుట్టించే నైలాను చొక్కా వేసుకున్నందుకు నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు.

“నూలు బట్ట కట్టుకుని రా అల్లుడూ. ఒక పూట ఒకటే పని, ఒకటే మందు. పని మీదున్నప్పుడు ఎవులు పిలిసినా నాను పలకను. నువ్వు పిలిసినా పలకను.”

ఆ రాత్రి ఆయన సగం అన్నం తిన్నారు.

ఇక అనుమతి. సరిగ్గా ఆ నెలలోనే ప్రభుత్వం వారు ‘ఇంటికో పనిగది’ అనే పథకం తెచ్చారు. ప్రతి ఇల్లూ ఒక కర్మాగారం కావాలని గోడల మీద రాయించారు. అందుకోసం గృహ పనిగదుల భద్రతా విభాగం వెలిసింది. దరఖాస్తులో రెండువందల పన్నెండు పనుల జాబితా ఉంది. తువ్వాళ్ళ అంచులు కుట్టుటకూ తెరచీరల తయారీకీ మధ్య, నూట నలభై మూడో వరసలో, తూటాల పునర్నింపు కూడా ఉంది. మామయ్య పేరు రాసి, నేను దాని పక్కన టిక్కు పెట్టాను.

జిల్లా భద్రతాధికారి ముక్తేశ్వరరావు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఆయన మర్యాదస్తులు. గుమ్మం బయట చెప్పులు విడిచి, గదిలోకి తొంగి చూసి, గట్టిగా ఊపిరి పీల్చారు.

“సదరు పెట్టెయందు ఏమున్నది?”

“మందు బాబూ,” అన్నారు మామయ్య.

“పేలు స్వభావము గలదా?”

“పేలకపోతే అదేటి మందు?”

ముక్తేశ్వరరావు గారు రాసుకున్నారు. “మా విభాగము యొక్క ఏకైక ధ్యేయము భద్రత. పేలు స్వభావము గల పదార్థము ఉన్న గదిని సురక్షితమని ధ్రువీకరించుట సాధ్యపడదు. పదార్థమును తొలగించి తెలియజేసినచో దరఖాస్తు సానుకూలముగా పరిశీలించబడును.”

“మందు నేకుండా తూటా ఎలాగ నింపుతాను?”

“అది సాంకేతిక విషయము. మా పరిధి భద్రత వరకే.”

మందు పెట్టె క్లబ్బు వారి గిడ్డంగికి వెళ్ళింది. రెండోసారి ముక్తేశ్వరరావు గారు అగ్నిమాపక శాఖ వారిని వెంటబెట్టుకుని వచ్చారు. నిబంధన ప్రకారం క్యాప్‌ల పెట్టెకూ పనిబల్లకూ మధ్య పన్నెండు అడుగుల దూరం ఉండాలి. గది పొడవు ఎనిమిది అడుగులు.

“మూల నుంచి మూలకు కొలిస్తే పది అడుగుల ఏడున్నర అంగుళాలు వస్తుందండీ,” అన్నాను. లెక్కల మాస్టారిని కనుక ఆశ చావలేదు.

“ఐమూలగా కొలుచు పద్ధతి మా శాఖలో లేదు,” అన్నారు అగ్నిమాపక అధికారి. “ఉన్నను, పదిన్నర పన్నెండు కాదు.”

క్యాప్‌లు వెళ్ళాయి. మూడోసారి చేతిమర వంతు వచ్చింది. అది కదిలే భాగాలు గల యంత్రం. వేలు నలిగే అవకాశం ఉంది. టేకు బల్ల కాలే స్వభావం గలది. ఖాళీ గొట్టాలు ఖాళీవే అయినా నిండు తూటాలను పోలి ఉన్నందున చూసేవారికి భయాందోళనలు కలిగించవచ్చు. కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటే ఉలికిపాటు కలుగుతుంది, ఉలికిపాటు ప్రమాదానికి తొలిమెట్టు, కనుక కిటికీకి శాశ్వతంగా మేకులు కొట్టాలి.

ఒక్కొక్క వస్తువూ గుమ్మం దాటుతున్నప్పుడు మామయ్య దాన్ని చేత్తో ఒకసారి తడిమి పంపేవారు. బల్ల వెళ్ళిన రోజు సగం అన్నం మళ్ళీ పావు అయింది.

నేను సెలవు పెట్టి ముక్తేశ్వరరావు గారి ఆఫీసుకు వెళ్ళాను.

“అయ్యా, ఆయనకి ఈ పని కావాలి. వేరే ఏదీ ఆయన ముట్టుకోవడం లేదు. దయచేసి ఒక్క వస్తువైనా ఉండనివ్వండి.”

“మాస్టారూ, మీరు అధైర్యపడవలదు. ప్రస్తుతము ఆ గదిలో ప్రమాదకరమైనది ఒక్కటే మిగిలి ఉన్నది.”

“ఏమిటండీ?”

“మీ మామగారు. ఇప్పటివరకు దేశములో జరిగిన ప్రతి ప్రమాదమునందును మనిషి ఉన్నాడు. గణాంకములు చూడండి.”

పదిహేను రోజులకు అనుమతి వచ్చింది. ఎర్ర సీలు, ఇత్తడి ఫలకం, అభినందన లేఖ. జిల్లాలో వచ్చిన ఆరువందల దరఖాస్తులలో నూటికి నూరు భద్రతా మార్కులు సాధించిన గది మాదొక్కటే. అప్పడాల గదికి డెబ్భై రెండు మాత్రమే వచ్చాయి. అక్కడ నూనె ఉంది. అనుమతి పత్రంలో షరతు తొమ్మిది ఇలా ఉంది: ‘పనిగదిలో వస్తువు ఉన్నప్పుడు మనిషి ఉండరాదు. మనిషి ఉన్నప్పుడు వస్తువు ఉండరాదు.’ దాని కిందనే షరతు పది: ‘నెల లోపు పని ప్రారంభించనిచో అనుమతి రద్దగును. దరఖాస్తుదారు ఇకపై ఏ పనికిని అర్హుడు కాడు.’

నేను రెండూ చదివి వినిపించాను. మామయ్య వరండాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఆ రోజు పెరుగన్నం కూడా వద్దన్నారు. మర్నాడు జోగారావు గారు వచ్చి, ఎక్కడి నుంచో కొత్త తూటాలు తెప్పించుకున్నామని, శ్రమ పెట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్ళారు. ఇక ఆ గదిని ఎవరూ అడిగేవారు లేరు. నేను బడికి వెళ్ళి పిల్లలకు భిన్నాలు చెప్పాను. పావులో సగం ఎంత అని అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పింది. నాకు వినాలనిపించలేదు.

నెల ముగిసే రోజున ముక్తేశ్వరరావు గారు వినియోగ తనిఖీకి వచ్చారు.

“పని ప్రారంభమైనదా?”

నేను నోరు తెరిచే లోపల వరండాలో కుర్చీ కిర్రుమంది. మామయ్య లేచారు. ఆయన ముఖంలో అప్పటిదాకా నేనెరగని ఒక కోపం ఉంది. లోపలికి వెళ్ళి నూలు పంచె కట్టుకుని వచ్చారు. ఖాళీ గదిలోకి వెళ్ళి, బల్ల ఉండిన చోట నిలబడ్డారు.

ఎడమచేతితో గాల్లోంచి ఒక గొట్టం తీసుకున్నారు. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు వైపు తిప్పి లోపల చూశారు. బాగులేదు కాబోలు, పక్కన పడేసి ఇంకొకటి తీశారు. పాత క్యాప్ ఊడగొట్టారు. కొత్తది చిటికెనవేలి గోటితో తీసి అమర్చారు. లేని మర పిడిని కిందికి లాగారు. భుజం దాకా ఆ బరువు కనిపించింది. తరవాత పక్కకి వంగి, ఊపిరి బిగబట్టి, మందు పోయడం మొదలుపెట్టారు.

ముక్తేశ్వరరావు గారు బాగా చూడాలని ఒక అడుగు ముందుకు వేసి, చెయ్యి చాపారు.

“సెయ్యి తియ్యి బాబూ!” మామయ్య గద్దించారు. “అక్కడ మందుంది!”

ముక్తేశ్వరరావు గారు నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. తన ఒంటి మీది నైలాను చొక్కా గుర్తుకొచ్చి గుమ్మం బయటికి గెంతారు. తూటా పూర్తయింది. మామయ్య దాన్ని చెవి దగ్గర ఆడించి, తృప్తిగా నేల మీద నిలబెట్టారు.

అధికారి గారు కాగితాలు తిరగేశారు. గదిలో మనిషి ఉన్నాడు, వస్తువు లేదు. షరతు తొమ్మిది నెరవేరింది. పని జరుగుతోంది. షరతు పది నెరవేరింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో,” అన్నారు గద్గదంగా, “రెండు షరతులు ఏకకాలమున నెరవేరుట ఇదే ప్రథమము.”

మా గదిని ఆదర్శమని ప్రకటించారు. మరుసటి సోమవారం నుంచి అందులో శిక్షణ మొదలైంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన భద్రతా ఇన్‌స్పెక్టర్లు బ్యాచీకి ఐదుగురు చొప్పున మా ఇంటికి వచ్చారు. అందరూ నూలు బట్టలు కట్టుకుని, చెప్పులు విడిచి, గోడ వెంబడి నిలబడి నోట్సు రాసుకునేవారు. మామయ్యకి వాళ్ళ పని అస్సలు నచ్చేది కాదు.

“ఓయ్ కళ్ళజోడబ్బాయ్! మందు అలాగ్గాని పోత్తారేటి? తలంబ్రాలా? మెల్లిగా!”

“సార్, ఇప్పుడు పొయ్యడం ఆపాలాండీ?”

“ఎప్పుడో ఆపాలి. నిండిపోయి కింద కారతంది. తుడు.”

ఆ అబ్బాయి జేబురుమాలు తీసి నేల తుడిచాడు. ఇంకో ట్రైనీ, రాజేశ్వరి అనే అమ్మాయి, క్యాప్ జారవిడిచింది. మామయ్య అందరినీ కదలవద్దని చెప్పి, ఆమెను వెతకమన్నారు. ఆమె మోకాళ్ళ మీద వంగి పావుగంట వెతికింది. మిగతావాళ్ళు కాళ్ళు ఎత్తి ఎత్తి చూపించారు. చివరికి గుమ్మం సందులో దొరికింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

“సెబాసు,” అన్నారు మామయ్య. “మా గుంట కూడా ఇలాగే ఎతికీది.”

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

“మీ అమ్మాయికి కూడా ఈ పని వచ్చా సార్?” అంది రాజేశ్వరి.

“ఆర్మరీలోంచి రవ్వగింజ కూడా ఇంటికి తేకూడదు కదమ్మా. క్వార్టర్సులో కూకుని ‘నాన్నా, నువ్వు రోజూ ఏటి సేత్తావో సూపించు’ అని పేనం తీసీది. ఉత్త సేతుల్తోనే సూపించీవోన్ని. ఎనిమిదేళ్ళకే అన్నీ నేర్సీసుకుంది. ఒకపాలి నానే క్యాప్ పెట్టడం మర్సిపోతే, ‘ఇది పేలదు నాన్నా’ అని తూటా తిరిగిచ్చీసింది.”

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నూకరత్నం ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె చనిపోయిన తరవాత ఆయన ఆమె గురించి మాట్లాడడం అదే మొదలు. టీ చల్లారిపోయిందని మళ్ళీ కాచుకొచ్చాను.

ఆ రాత్రి ఆయన కూరలో ఉప్పు తక్కువైందన్నారు. ఉప్పు వేశాను. పూర్తిగా తిన్నారు.

కీర్తి రాజధాని దాకా వెళ్ళింది. ఫాల్గుణంలో కమిషనరు మేడం గారు నాలుగు కార్లతో వచ్చారు. గదిని నలుమూలలా పరిశీలించి, ఇంత పరిశుభ్రమైన తూటాల గదిని తాను చూడలేదన్నారు. మామయ్య ఆవిడ ముందు పది తూటాలు నింపారు.

“నాణ్యతా పరీక్ష నిర్వహించబడినదా?” అని అడిగారు మేడం గారు.

ముక్తేశ్వరరావు గారి ముఖం పాలిపోయింది. “లేదు మేడం.”

“పరీక్షించని తూటాను ఏ విధముగా ధ్రువీకరించితిరి? ఇది బాధ్యతారాహిత్యము.”

అందరం డాబా ఎక్కాం. మామయ్య లేని తుపాకిని భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, ఆకాశంలోకి గురిపెట్టారు. అధికారులందరూ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. పక్క డాబా మీద వడియాలు పెడుతున్న అప్పలనరసమ్మ గారు కూడా గరిటె పడేసి చెవులు మూసుకున్నారు. మామయ్య భుజం ఒక్కసారి వెనక్కి కొట్టుకుంది.

“పేలిందేటి మాస్టారూ?” అరిచారు అప్పలనరసమ్మ గారు.

“పేలిందండీ.”

“నాకు ఇనపళ్ళేదే!”

“సెవులు మూసుకుంటే ఎలాగ ఇనపడతాదే ఎర్రిమొకమా!” అన్నారు మామయ్య. అని, నవ్వారు. డాబా పిట్టగోడ పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వారు.

ముక్తేశ్వరరావు గారు రాసుకున్నారు: ‘శబ్దము అనుమతించిన పరిమితికి లోబడియే ఉన్నది.’

చైత్రంలో మామయ్య ఒక పొద్దున నన్ను పిలిచారు.

“రోజుకి యాభై తూటాలకే పర్మిసనుంది అల్లుడూ. ట్రైనింగోళ్ళు ఎక్కువైపోనారు, సాలట్లేదు. వందకి పెంచమని రాయి.”

ఫారం తెచ్చాను. సామర్థ్యం పెంపు కోరేవారు చివరి గడి నింపాలి: ‘ఈ పనిగది వలన ఇంతవరకు కలిగిన ఫలితమును వివరింపుడు. ఒక్క వాక్యమునకు మించరాదు.’ పిల్లలకు ఒక్క వాక్యంలో జవాబు రాయడం నేర్పేవాడిని. నాకది రెండు రోజులు పట్టింది. చివరికి రాశాను: ‘దరఖాస్తుదారు ఇప్పుడు రెండు పూటలా కడుపునిండా తింటున్నారు.’

వారానికి ఫారం తిరిగి వచ్చింది. అడుగున ఎర్ర సిరాతో ఆఫీసు వారి అభ్యంతరం: ‘ఫలితము సంతృప్తికరము. అయితే పరిమాణము తెలుపలేదు. సదరు భోజనమును తూటాల సంఖ్యతో సరిపోల్చి, నిష్పత్తి రూపమున తెలుపగలరు.’

మామయ్య పీట మీద కూర్చుని అన్నం తింటున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు కొత్త బ్యాచీ వస్తుంది. ఆయన తొందరలో ఉన్నారు. నేను ఎదురుగా కూర్చుని కాగితం చదివి వినిపించాను.

“ఏం రాయమంటారు మామయ్యా? ఎన్ని తూటాలకి ఎంత అన్నం?”

ఆయన కంచం నా ముందుకి జరిపారు.

“ముందు ఇంకాస్త పులుసు ఎయ్యి. తినడం అవనీ. లెక్క తరవాత సూద్దాం.”

నేను కాగితం కింద పెట్టి, పులుసు వేశాను.